వెనుక బ్రేకులోని మర

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కారు గల గృహస్థుడు వారాంతమున తన యింటి ముంగిట చక్రములు విప్పి, బ్రేకు ప్యాడులను తానే మార్చుకొనుట చిరకాలముగా సాగుచున్న ఆచారము. ముందు చక్రముల పని సులభముగా ముగియును. అరిగిన ప్యాడులకంటె క్రొత్త ప్యాడులు మందముగా నుండును గనుక, అరుగుదలను అనుసరించి, ప్యాడులను అదిమెడి కాలిపరునుండి వెలుపలికి జరిగివచ్చిన పిస్టనును మరల లోనికి నెట్టవలయును. అందులకు వడ్రంగులు వాడెడి సీ-క్లాంపు చాలును. అదే క్లాంపును వెనుక చక్రమునకు బిగించినచో అనేకములైన కార్లలో పిస్టను వెంట్రుకవాసియైనను కదలదు. పట్టు విడువక ఇంకను బిగించినచో లోపలి యంత్రాంగము విరిగి కాలిపరు యావత్తును పనికిమాలినదగును. ఆ పిస్టనును అదుముచు, త్రిప్పుచు లోనికి నడుపవలసియున్నది. ఏలయన దాని గర్భమున ఒక మర కలదు. ఆ మర అచటికి వచ్చిన వృత్తాంతము, నా దృష్టిలో, అమెరికా మోటారు చరిత్రలో రెండు వేర్వేరు వంశములు ఒక్క యింట కాపురము చేయవలసివచ్చిన వృత్తాంతము. అందొకటి చేతిమీట వంశము. రెండవది నూనె వంశము.

చేతిమీట పెద్దది. 1908వ సంవత్సరము మొదలు 1927వ సంవత్సరము వరకు కోటి యేబది లక్షలకు పైగా తయారైన ఫోర్డు మోడల్-టి కారులో కాలితో త్రొక్కెడి బ్రేకు చక్రములను తాకనే తాకదు. అది గేరుపెట్టెలోని డ్రమ్మును మాత్రము పట్టుకొనును. చక్రములకున్న బ్రేకులు వెనుకటి రెండింటికే; వానిని నడుపునది డ్రైవరు ప్రక్కనున్న చేతిమీట. ముందు చక్రములకు బ్రేకు పెట్టినచో బండి జారి బోల్తాకొట్టునను భయము ఆనాటి నిర్మాతలలోను, కొనువారిలోను గాఢముగా నుండెను. కావున చక్రమును నిలుపుట యనగా వెనుక చక్రమును నిలుపుట. నిలుపునది మనుష్యుని చేయి, ఆ చేతినుండి చక్రము వరకు పోవు ఉక్కుకడ్డీ. ఈ సంబంధము నూరేండ్లు గడచినను తెగలేదు.

నూనె వంశమునకు మూలపురుషుడు కాలిఫోర్నియా వాడైన మాల్కం లాక్‌హీడ్. ఇతడును, తమ్ముడు ఆలనును కలిసి తాము నిర్మించుకొనిన నీటివిమానమును 1913 జూన్ 15న శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతముపై నడిపిరి. తరువాతి కాలమున ఆ యింటిపేరు విమాన పరిశ్రమలో లోకవిఖ్యాతమయ్యెను. కాని మాల్కం మనస్సు నేలమీది వాహనములపై నిలిచెను. కడ్డీలతోను తీగలతోను నడుచు బ్రేకులు ఒక చక్రమును గట్టిగాను, వేరొక చక్రమును వదులుగాను పట్టుకొని బండిని ప్రక్కకు లాగివేయుచుండెను. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన యొత్తిడి అన్ని దిక్కులకు సమానముగా వ్యాపించునని ఫ్రెంచి పండితుడగు పాస్కల్ పదునేడవ శతాబ్దిలోనే నిరూపించియుండెను. పాదముయొక్క యొత్తిడిని గొట్టములలోని ద్రవముద్వారా పంపినచో నాలుగు చక్రములకు సమానముగా చేరునన్న ఆలోచనకు మాల్కం 1917లో పేటెంటు పొంది, పిమ్మట డెట్రాయిట్ చేరి కంపెనీ స్థాపించెను. 1921లో డ్యూసెన్‌బర్గ్ వారి మోడల్-ఏ కారు నాలుగు చక్రములకు ద్రవపు బ్రేకులతో వెలువడెను. అయితే అది ధనికుల కారు. సామాన్యునికి ఈ సౌకర్యము చేరుటకు 1924వ సంవత్సరమున న్యూయార్కులోని కామొడోర్ హోటలు వసారాలో వాల్టర్ క్రైస్లర్ ప్రదర్శించిన క్రొత్త కారు కారణమయ్యెను.

ఇచట ఒక విషయమును ప్రత్యేకించి చెప్పదలచితిని. లాక్‌హీడ్ ఏర్పాటులో ద్రవము కారిపోకుండ నాపుటకు తోలుబిళ్లలు వాడబడెను. తోలు ఎండును, ముడుతలు పడును, కారును. క్రైస్లరు కొలువులోనున్న జెడర్, స్కెల్టన్, బ్రీర్ అను ముగ్గురు ఇంజనీర్లు తోలునకు బదులు రబ్బరు గిన్నెలను అమర్చి ఆ దోషమును తొలగించిరి. పేటెంటు ఒకని పేర నిలిచినను, బ్రేకు నిత్యోపయోగమునకు తగినది యగుట ఈ మువ్వురి శ్రమవలననే యని నా నిశ్చయము; చరిత్రకారులు వీరిని అంతగా స్మరింపకపోవుట న్యాయము కాదు. 1932లో లాక్‌హీడ్ బ్రేకుల కంపెనీ బెండిక్స్ సంస్థ వశమయ్యెను. హెన్రీ ఫోర్డు మాత్రము ఉక్కుకడ్డీనే నమ్మి, పోటీదారులందరు నూనెకు మారిన తరువాత గూడ లొంగక, 1939వ సంవత్సరపు కార్లలో గాని ద్రవపు బ్రేకులను అంగీకరింపలేదు.

నూనె గెలిచినను చేతిమీట చావలేదు. దీనికి హేతువు మొండితనము కాదు, పదార్థ స్వభావము. కారు నడుచునంతసేపు పాదము ఎప్పటికప్పుడు క్రొత్త యొత్తిడిని ఇచ్చుచుండును. కాని వాలుమీద రాత్రియంతయు కారును నిలిపి యుంచవలెనన్న, ఆ యొత్తిడిని గొట్టములలో గంటలకొలది బంధించి యుంచవలెను. ద్రవము చల్లబడినకొలది సంకోచించును. ఏ రబ్బరు వలయమునుండియో బొట్టుబొట్టుగా జారును. తెల్లవారుసరికి యొత్తిడి నశించి కారు పల్లమునకు దొర్లును. ఉక్కుతీగెకు ఈ దుర్బలత లేదు. డ్రమ్ము బ్రేకుల కాలమున ఈ రెండింటికిని సఖ్యము సులభముగా కుదిరెను. డ్రమ్ములోపల చోటెక్కువ, బ్రేకు బూట్లను నూనె సిలిండరు ఒకవైపు తెరచినట్లే, తీగెతో లాగబడు మీట యొకటి అదే బూట్లను తెరవగలదు. కొన్ని దశాబ్దములు ఈ కాపురము కలహము లేక సాగెను.

కలహమునకు కారణము డిస్కు. చక్రముతో తిరుగు పళ్లెమును రెండువైపుల పట్టి నిలిపెడి ఉపాయమునకు ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంటు పొందెను. అమెరికాలో 1949వ సంవత్సరమున రెండు ప్రయత్నములు జరిగినవి. సిన్సినాటి నగరపు రేడియో వ్యాపారి పవెల్ క్రాస్లీ తన చిన్న కార్లకు గుడ్‌ఇయర్-హాలీ డిస్కు బ్రేకులు పెట్టెను. చలికాలమున మంచు కరగుటకై రోడ్లపై చల్లెడి ఉప్పు వానిని త్రుప్పు పట్టించి బిగియజేయగా, కొలదికాలములోనే మరల డ్రమ్ములకు పోవలసివచ్చెను. క్రైస్లరు వారు తమ క్రౌన్ ఇంపీరియల్‌నకు వేరొక విధమైన డిస్కులు పెట్టిరి. అవి భారమైనవి, వెలగలవి. 1953లో ఫ్రాన్సు దేశపు ల మాన్ పందెమును డన్‌లప్ డిస్కులు గల జాగ్వార్ గెలిచిన తరువాత సందేహములు తీరినవి. డ్రమ్ము వేడెక్కిన కొలది వ్యాకోచించి బూటునుండి దూరమగును, పట్టు సడలును; డిస్కు గాలికి తెరపియై యుండి త్వరగా చల్లారును. 1962లో ఇండియానా రాష్ట్రపు సౌత్ బెండులో స్టూడ్‌బేకర్ వారు తమ అవాంటి కారుకు ముందు డిస్కులు పెట్టిరి. డన్‌లప్ నమూనాపై వానిని చేసిచ్చినది అదే ఊరి బెండిక్స్ సంస్థ.

ముందు చక్రములకు డిస్కు పెట్టినంతవరకు చిక్కు లేదు. వెనుకకు పోయినప్పుడే చేతిమీట ఎదురువచ్చి, నన్నెచట నుంచెదరని ప్రశ్నించెను. కాలిపరు కేవలము ఒక సిలిండరు, ఒక పిస్టను. తీగెకు అచట చోటు లేదు. 1965లో నాలుగు చక్రములకు డిస్కులతో వచ్చిన షెవ్రొలె కార్వెట్ ఈ ప్రశ్నకు ఒక సమాధానమిచ్చెను: వెనుక డిస్కు నడిమి టోపీలో ఒక చిన్న డ్రమ్మును దాచి, దానిలోని చిన్న బూట్లను తీగెకు అప్పగించి, కాలిపరును పూర్తిగా నూనెకు విడిచిరి. విభజనవలన శాంతి కలిగెను. డిస్కులు వలదన్నవారికి ఆ యేట 64.50 డాలర్లు తగ్గించి డ్రమ్ములతో నిచ్చిరి. అయితే కార్వెట్ కాలిపర్ల పోత యినుప రంధ్రములు తేమకు త్రుప్పుపట్టి నూనె కార్చునవి. తరువాతి కాలపు మరమ్మతుదారులు వానిలో తుప్పుపట్టని ఉక్కు తొడుగులను దిగగొట్టి నేటికిని కాపాడుచున్నారు.

ఈలోపల ప్రభుత్వము రంగమున ప్రవేశించెను. 1966 సెప్టెంబరు 9న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వాహన భద్రతా చట్టముపై సంతకము చేయగా, దానిననుసరించి వచ్చిన ప్రమాణములలో 105వది ద్రవపు బ్రేకులకు సంబంధించినది. 1968 జనవరి 1న మొదట అమలులోనికి వచ్చి, విస్తరింపబడిన రూపమున 1976 జనవరి 1 నుండి కార్లన్నింటికి వర్తించెను. నిలిచిన కారును కదలనీయని పార్కింగు బ్రేకును పట్టి నిలుపునది సంపూర్ణముగా యాంత్రిక సాధనమే కావలయునని అందు స్పష్టముగా శాసింపబడినది. 2000 సెప్టెంబరు 1 నుండి కార్లకు నిర్బంధమైన 135వ ప్రమాణము గూడ ఆ మాటను మార్పక నిలిపినది. నూటికి ఇరువది వంతుల వాలుపై అయిదు నిమిషములు కారు కదలక నిలువవలెనన్నది దాని పరీక్ష. మోడల్-టి నాటి చేతిమీటపై జనులకున్న విశ్వాసము ఈ విధముగా శాసనరూపము ధరించినది. నూనె ఎంత సమర్థమైనను, నిలిచియున్న కారును దానికి అప్పగించుటకు రాజ్యము సమ్మతింపలేదు.

చిన్న డ్రమ్మును దాచుటకు ఖర్చు, బరువు, చోటు కావలయును. అందుచేత 1970వ దశకమున ఇంజనీర్లు రెండవ మార్గమును చేపట్టిరి: నూనెకును తీగెకును ఒకే పిస్టనును ఇచ్చుట. 1977లో వెలువడిన లింకన్ వెర్సాయి వెనుక కాలిపరు ఈ రకమునకు ప్రసిద్ధమైన ఉదాహరణము. దాని లోపలి నిర్మాణమును నేను పరిశీలించిన కొలది మెచ్చుకోలు పెరుగుచున్నదే కాని తగ్గుట లేదు. తీగెను లాగినప్పుడు కాలిపరు వీపుననున్న మీట తిరుగును. దానితో లోపలి ఇరుసు తిరుగును. ఇరుసు తలయు, దాని కెదురుగానున్న మరకాడ తలయు తిరుగలి రాళ్లవలె ఒకదానికొకటి అభిముఖములై యుండును. నడుమ మూడు ఉక్కుగోళీలు, వానికై రెండు ముఖములందును వాలుగా తీర్చిన గుంటలు. ఇరుసు తిరిగిన కొలది గోళీలు పల్లమునుండి మెట్టకు ఎక్కి రెండు ముఖములను ఎడముచేయును; ఆ బలమునకు మరకాడ ముందుకు జరిగి పిస్టనును, పిస్టను ప్యాడును, ప్యాడు డిస్కును అదుమును.

ఇంతటితో చాలినచో పిస్టనును త్రిప్పవలసిన పని లేకపోవును. కాని ప్యాడు అరుగును గదా! అరిగిన కొలది నూనె యొత్తిడికి పిస్టను ముందుకు సాగిపోవును. మరకాడ వెనుకనే నిలిచినచో, కొన్ని నెలలకు చేతిమీటను ఎంత లాగినను పిస్టనును అందుకొనజాలదు. అందుచేత పిస్టనులోపల ఒక నట్టును, అది ఒకేవైపు జారునట్లు ఒక పట్టుసాధనమును అమర్చిరి. పిస్టను నూనె బలమున ముందుకు పోవునప్పుడు నట్టు మరకాడమీద తనంతట తాను తిరుగుచు వెంటబోవును; వెనుకకు నెట్టబోయినచో తిరుగక బిగిసి నిలుచును. అట్లు బిగిసి నిలుచుటయే పార్కింగు బ్రేకుయొక్క ప్రాణము. సీ-క్లాంపుతో దానిని గెలువబూనువాడు తాను ఏ పట్టును నమ్మి కారును కొండవాలున వదలిపోవుచున్నాడో ఆ పట్టునే విరుగగొట్టుచున్నాడు. పిస్టనును చేతితో త్రిప్పినప్పుడు దానితోపాటు నట్టును తిరిగి, మరపై వెనుకకు దిగివచ్చును. చాల కార్లలో ప్రదక్షిణముగా త్రిప్పినచో దిగును. కొన్నింటిలో ఒకవైపు చక్రమునకు మర విపరీతముగా నుండి అప్రదక్షిణముగా త్రిప్పవలెను.

జనరల్ మోటార్స్ వారు 1979లో పాంటియాక్ ట్రాన్స్ యాం కారుకు వెనుక డిస్కులను ఐచ్ఛికముగా ఇచ్చిరి. ఆ సంస్థవారి ఆ కాలపు కాలిపర్లలో సర్దుబాటు పార్కింగు బ్రేకును వాడినప్పుడే జరుగును. ఆటోమేటిక్ గేరున్న కారును అమెరికా డ్రైవరు సామాన్యముగా గేరుపెట్టెలోని కొక్కెముతోనే నిలిపి దిగిపోవును. పార్కింగు బ్రేకును నెలలతరబడి తాకడు. ఫలితముగా వెనుక పిస్టన్లు డిస్కునకు దూరముగా మిగిలిపోయి, కాలిబ్రేకు లోతుగా దిగుచుండెను. ఉప్పు చల్లెడి ఉత్తర రాష్ట్రములలో వాడని మీటలు త్రుప్పుతో బిగిసిపోవుటయు నుండెను. ఈ యంత్రమునకు నిత్యాభ్యాసము అవసరమని జనులకు నచ్చచెప్పినవారు తక్కువ.

ఇక మరమ్మతు చేయు చేతుల మాట. ఈ దేశమున కూలి ధర హెచ్చు, పనిముట్టు ధర తక్కువ. సియర్స్ దుకాణముల క్రాఫ్ట్స్‌మన్ పనిముట్లు 1927 నుండి ఇంటింటికి చేరినవి. ఫిలడెల్ఫియా నగరపు చిల్టన్ సంస్థ అచ్చువేసిన మరమ్మతు పుస్తకములను పబ్లికు గ్రంథాలయములు కొని పాఠకులకు అరువిచ్చెను. వెనుక పిస్టన్లు త్రిప్పవలసినవి కాగానే వానికి తగిన పనిముట్లును పుట్టినవి. అన్నింటిలో చవకైనది ఉక్కు ఘనము: దాని ముఖములందు వేర్వేరు ఎడములలో చిన్న బొడిపెలు, వేర్వేరు కార్ల పిస్టన్ల ముఖముననున్న గాళ్లలో ఇముడునట్లుండును, రాచెట్టునకు తగిలించి త్రిప్పవలెను. దానికంటె మేలైనది మరతో అదుముచునే త్రిప్పెడి పెట్టె సాధనము; అయోవా రాష్ట్రమున క్లారిండా అను చిన్న ఊరిలో 1903 నుండి పనిచేయుచున్న లైల్ సంస్థ వంటివారు ఇట్టివి చేయుచున్నారు. 1979 జూలై 4న ఆర్కాన్సా రాష్ట్రపు ఫారెస్ట్ సిటీలో తొలి దుకాణము తెరచి, పిమ్మట ఆటోజోన్ పేర విస్తరించిన సంస్థయు, దాని పోటీదారులును, బయానా కట్టించుకొని ఇట్టి పనిముట్లను ఎరువిచ్చి, తిరిగి అప్పగించినప్పుడు సొమ్మంతయు మరల ఇచ్చివేయు పద్ధతిని వ్యాపింపజేసిరి. అమెరికా వ్యాపారపు ఆచారములలో నాకు మిక్కిలి గౌరవపాత్రముగా కనబడునది ఇదియే.

పనియందు మెలకువలు కొన్ని కలవు. పిస్టనును త్రిప్పుటకు ముందు మాస్టరు సిలిండరు పైనున్న ఆయిలు డబ్బా మూత తీసి చూడవలెను. పిస్టను దిగిన కొలది నూనె వెనుకకు ఎక్కివచ్చి పొంగును, పొంగినది కారు రంగును తినివేయును. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. డాట్-3 జాతి ఆయిలు క్రొత్తగా నున్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్‌కు దిగువను మరుగరాదని, తేమ పీల్చిన తరువాత గూడ 140 డిగ్రీల వరకు తాళవలెనని ప్రమాణము. పాతబడిన ఆయిలును ఈ సందర్భముననే మార్చుట మేలు. పిస్టను త్రిప్పునప్పుడు దాని చుట్టునున్న రబ్బరు తొడుగు మెలిపడి చిరుగకుండ చూడవలెను. కడపట, ప్యాడు వీపున చిన్న బొడిపె యుండు కార్లలో, పిస్టను ముఖముననున్న గాడి దానికి సరిగా ఎదురుగా నిలుచునట్లు త్రిప్పి ఆపవలెను. లేనిచో ప్యాడు వంకరగా అరుగును.

దుమ్మును గూర్చి ఒక్క మాట చెప్పక విడువజాలను. దశాబ్దముల తరబడి బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాసు ఉండెను. మెకానిక్కులు ఆ దుమ్మును గాలిగొట్టముతో ఊదివేసి, దానినే పీల్చిరి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1989లో విధించిన నిషేధమును 1991లో న్యాయస్థానము చాలభాగము కొట్టివేసెను. 1994 నాటి కార్మిక భద్రతా నియమములు తడిపి శుభ్రపరచుట మొదలగు పద్ధతులను విధించినవి. క్రిసొటైల్ ఆస్బెస్టాసుపై నిషేధము 2024లో గాని రాలేదు. ఈ జాప్యమునకు మూల్యము చెల్లించినవారు పేరులేని పనివారు.

1965 నాటి వలస చట్టము తరువాత ఈ దేశమునకు వచ్చి, 1977 నాటికి తానా సంఘమును స్థాపించుకొన్న తెలుగువారికిని, వారి వెనుక వచ్చిన విద్యార్థులకును ఈ ఆచారము క్రొత్తది. మన వైపున విజయవాడ ఆటోనగరువంటి చోట కారును మేస్త్రీకి అప్పగించుట రివాజు. యజమాని చేతికి నూనె అంటదు. ఇచట పాత జపాను కారును చవుకగా కొన్న విద్యార్థికి వర్క్‌షాపు కూలి భరింపరానిదగును. పూర్వమే వచ్చిన యే అన్నయో దగ్గరనుండి నేర్పును. ఆ నేర్పుటలో ఒక ప్రమాదమున్నది. 2000వ దశకపు టొయోటా క్యామ్రీలో వెనుక డిస్కు నడుమ కార్వెట్ పద్ధతిని చిన్న డ్రమ్మే కలదు గనుక పిస్టను తిన్నగా నెట్టినచో దిగును. దాని ప్రక్కనే నిలిచియున్న హోండా అకార్డ్, నిస్సాన్ ఆల్టిమా పిస్టన్లు త్రిప్పినగాని దిగవు. ఒక కారుమీద నేర్చిన విద్య రెండవ కారును పాడుచేయగలదు. కావున మొదట చూడవలసినది పిస్టను ముఖము. అచట గాళ్లున్నచో త్రిప్పవలసినదని తెలియును.

ఈ శతాబ్దమున చేతిమీట స్థానమున వ్రేలితో ఎత్తెడి చిన్న మీట వచ్చినది. 2001లో బి.ఎమ్.డబ్ల్యు. 7వ శ్రేణి కారు విద్యుత్ పార్కింగు బ్రేకుతో వెలువడెను. అటుపిమ్మట వోక్స్‌వాగన్ పసాట్ మోటారును కాలిపరు వీపుననే తగిలించెను. తీగె పోయినది, మర పోలేదు. మోటారు ఆ మరను త్రిప్పును. విద్యుత్తు లేకున్నను పట్టు విడువదు గనుక యాంత్రిక సాధనము కావలెనన్న శాసనమునకు ఇది లోబడియే యున్నది. మరమ్మతు వేళ మోటారును వెనుకకు త్రిప్పించిన పిమ్మట ఈ పిస్టన్లను సామాన్యముగా తిన్నగా నెట్టవచ్చును. చిక్కంతయు ఆ త్రిప్పించుటలో నున్నది: కారు కంప్యూటరునకు ఆజ్ఞ ఇవ్వవలెను, ఆజ్ఞయొక్క భాష తయారీదారుని చేతిలో నుండెను. ఇనుప మరను ఉక్కు ఘనముతో జయించిన గృహస్థుడు ఇచట నిలిచిపోయెను.

2012వ సంవత్సరమున మసాచుసెట్స్ రాష్ట్రము, డీలర్లకు ఇచ్చు మరమ్మతు సమాచారమును, పరికరములను యజమానులకును స్వతంత్ర మెకానిక్కులకును న్యాయమైన ధరకు ఇవ్వవలెనని చట్టము చేసెను. ఆ నవంబరు ఎన్నికలలో ప్రజలును అధిక సంఖ్యాకులై దీనిని ఓటుతో బలపరచిరి. 2014 జనవరిలో తయారీదారుల సంఘములు అదే నిబంధనను దేశమంతటికిని అంగీకరించుచు ఒడంబడిక చేసికొనెను. 2020లో ఆ రాష్ట్రపు ఓటర్లు తంతిలేని మార్గమున పోవు సమాచారమునకు గూడ దానిని విస్తరింపజేసిరి. ఇప్పుడు వెనుక పిస్టన్లను ఉపసంహరింపజేయు చిన్న స్కానర్లు సామాన్య దుకాణములలో దొరకుచున్నవి. మజ్దా మొదలగు కొన్ని సంస్థల కార్లలో స్కానరే లేకుండ, కాలిమీటను, పార్కింగు మీటను ఒక క్రమమున నొక్కి మోటారును వెనుకకు పంపెడి ఏర్పాటును గూడ చేసియున్నారు. కారు కొనబోవువారు రంగును, మైలేజీని విచారించునట్లే, వెనుక బ్రేకు పిస్టను దేనితో వెనుకకు పోవునో గూడ విచారించి కొనుట మంచిదని తలచెదను.